కామురియస్ నోట్లో పెట్టిన కాసు

రైన్ నది ఒడ్డు, సైనిక శిబిరం.

అక్కా, నేను కులాసాగానే ఉన్నాను. మన ఊరి కామురియస్ జ్వరంతో పోయాడు. అవతలి లోకానికి దాటించే పడవవాడి కోసం నోట్లో కంచు కాసు పెట్టబోతే, నా దగ్గర సగానికి నరికిన ముక్కే ఉంది. ఇక్కడ చిల్లర చాలక అలా నరికి వాడుకుంటాం.

"సగం కాసిస్తే నది మధ్యలోనే దింపేస్తాడ్రా!" అన్నాడు మా గుడారంలోని వోకోనియస్. ఎవరూ నవ్వలేదు. కాసేపటికి వాడే తన నిండు కాసు తీసి నా చేతిలో పెట్టాడు. నిండు కాసుతోనే సాగనంపామని కామురియస్ అమ్మకు నువ్వే వెళ్ళి చెప్పు.

ఉన్ని మేజోళ్ళు పంపు. ఆవు ఈనిందా? పిల్లలకు ఆశీస్సులు. జవాబు నువ్వు మాట్లాడినట్టే రాయించు. మన యాస వినిపించే మనిషి ఇక్కడ ఇంకెవరూ లేరు.

నీ తమ్ముడు,
టిటియస్