కొండ మీది గేటు

షాంటిలీ,
అక్టోబరు 8.

చిరంజీవి సంహితకు,

నాన్న మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ అమ్మ, దివాకర్ అన్నయ్య, వదిన అందరం బాగున్నాం. ఐదు రోజులుగా ఎండ మొహం చూడలేదు, అదొక్కటే లోటు. నువ్వు కూడా జలుబూ జ్వరం లేకుండా ఉన్నావని అనుకుంటాను.

తల్లీ, నీ ఉత్తరం శనివారం అందింది. ఈ కాలనీలో పోస్టు డబ్బాలన్నీ వీధి చివర ఒకేచోట ఉంటాయి కదా, ఇంటిదాకా ఆగలేక గొడుగు మెడకి ఆనించుకుని అక్కడే చింపాను. నాలుగు పేజీలు, రెండు వైపులా. ఏడాదిగా ఆదివారం ఫోన్‌లో "బాగున్నాను నాన్నా, తిన్నాను నాన్నా" తప్ప మూడో మాట నీ నోట వినలేదు. అలాంటిది మళ్లీ నడక మొదలుపెట్టానని, ఈ నెల పద్దెనిమిదిన బయలుదేరి డేరా వీపున వేసుకుని ఆరు రోజులు ఆ కొండల్లో నడుస్తానని రాశావు. ఎంత సంతోషం వేసిందో ఎలా రాయాలో నాకు చేతకాదు. మూడుసార్లు చదివేసరికి కాగితం తడిసి ఇంకు పాకింది. ఇంటికి తెచ్చి మీ వదిన హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెడుతుంటే మీ అమ్మ, "ఉత్తరానికి తలంటు పోశారా ఏంటండీ" అని నవ్వింది. మీ అమ్మ నవ్వి కూడా చాలా రోజులైంది.

పొద్దున వాకింగ్‌లో అందరికీ చెప్పాను. గుంటూరు జగదీష్ గారు లేరూ, ఆయన "మీ అమ్మాయి ఉండే దేశంలో బస్సుల్లేవా శేషగిరి గారూ, మూటలు మోసుకుని నడవడం ఏంటి" అన్నారు. "ఉన్నాయండీ, కొండెక్కే బస్సు ఇంకా వేయలేదంట" అన్నాను. మా వాకింగ్ అని పేరే గానీ ఎంత దూరం. కాలనీ దాటగానే ఫుట్‌పాత్ అయిపోతుంది. అక్కడి నుంచి అన్నీ కార్లే. ఆ చివర నిలబడి కాసేపు చూసి వెనక్కి వస్తాం. అప్పుడు నాకు మీ దేశం గుర్తొస్తుంది. ఎవరిదో పొలం, మధ్యలోంచి మనకి దారి. నడిచేవాళ్లకి హక్కు ఉందని నువ్వు చెబితే నేను నమ్మలేదు, ఎవరైనా కర్ర పట్టుకుని వస్తారేమోనని అటూ ఇటూ చూస్తూ నడిచాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. నా మోకాలికి ఇంజెక్షన్ ఇచ్చారు. మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కుతున్నాను, దిగేటప్పుడు మాత్రం దేవుడు గుర్తొస్తాడు. మీ అమ్మ కంటి ఆపరేషన్ వచ్చే నెలకి వాయిదా పడింది. అన్నయ్య టీమ్‌లో తొమ్మిది మందిని తీసేశారు. వాడి పేరు అందులో లేదు, కానీ వాడు అన్నం తినేటప్పుడు కూడా ఫోన్ పక్కన పెట్టడం లేదు. నువ్వు కొనిచ్చిన బూట్లు వాడుతున్నానా అన్నావు. లేదమ్మా. గరాజ్‌లో అలాగే ఉన్నాయి. వాటికి అంటిన మీ కొండ మట్టి కూడా కడగలేదు. మీ అమ్మ ఎన్నిసార్లు అడిగినా ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను.

ఇవి నాలుగూ అయ్యాయి. ఐదోది నువ్వు ప్రశ్నలాగా అడగలేదు. మూడో పేజీ అడుగున, చోటు లేక చిన్న అక్షరాలతో రాశావు. "ఒక్కటి మాత్రం ఇప్పటికీ అర్థం కాదు నాన్నా, బూటు లేసు సరిగ్గా కట్టుకోవడం రాని వినీత్ ఆ గేటుకి అంత గట్టి ముడి ఎలా వేశాడు?"

ఆ ముడి వినీత్ వేసింది కాదు తల్లీ. నేను వేశాను.

ఈ మాట రాసి లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను. ఇంక ఆగకుండా రాసేస్తాను.

పోయిన ఏడాది ఏప్రిల్‌లో మనం ముగ్గురం నడిచిన మొదటి రోజే నువ్వు చెప్పావు, "నాన్నా, ఇక్కడ గేటు ఎలా ఉంటే అలా వదలాలి. మూసి ఉంటే మూయాలి, తెరిచి ఉంటే తెరిచే ఉంచాలి" అని. గేట్ల పని, మాకు కాబోయే అల్లుడనుకున్న వినీత్‌కి అప్పజెప్పావు. రైల్వేలో ముప్పై ఒక్క ఏళ్లు గేట్‌మన్‌గా చేసినవాడిని గేటు ముట్టుకోవద్దంటున్నావని నేను నవ్వాను. నవ్వాను గానీ, లోపల కొంచెం గుచ్చుకుంది. నిజం రాస్తున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం నువ్వు మ్యాప్ పట్టుకుని ముందు వెళ్లిపోయావు. వినీత్ లేసు ఊడితే కట్టుకుని నీ వెనకాల వచ్చాడు. నేను మోకాలు పట్టేసి గోడ మీద కూర్చుని, అందరికంటే వెనక గేటు దాటాను. చెక్క గేటు బార్లా తెరిచి, నీలం నైలాన్ తాడుతో గోడకి కట్టేసి ఉంది. తెరిచి ఉన్న గేటుని వదిలి రావడం నా వల్ల కాదమ్మా. ఎనిమిదో తరగతి చదివిన నాకు ఆ ఉద్యోగం ఒక్కటే వచ్చు. చేతులు వాటంతట అవే ఆ తాడు విప్పాయి. గేటు మూసి, గొళ్లెం పెట్టి, గాలికి ఊడకుండా ఆ తాడుతోనే రెండు ముడులు వేశాను. వేసి, పని చేసినట్టు తృప్తిపడ్డాను కూడా.

ఆ గొర్రెల రైతు గేటు ఎందుకు తెరిచి ఉంచాడో నాకేం తెలుసు. మంచు పడుతుందని తెలిసి, పైనున్న తల్లి గొర్రెలు పిల్లలతో సహా కిందకి, గోడల చాటుకి దిగి రావాలని ఉంచాడు. మనం లోయలోని బసలో వేడి సూప్ తాగుతుంటే అవి ఆ గేటు దాకా వచ్చి రాత్రంతా మంచులో నిలబడిపోయాయి.

తెల్లారి ఆయన బసకి వచ్చాడు. అరవలేదు. ఆ నీలం తాడు ముడులతో సహా కోసి తెచ్చి బల్ల మీద పెట్టి, "ఏడు పిల్లలు" అన్నాడు. ఆ రాత్రి మంచుకి చచ్చిపోయినవి ఏడని నాకు వచ్చిన ఇంగ్లీషుకి కూడా అర్థమైంది. వినీత్ ఆ ముడుల వంక చూశాడు, నా వంక చూశాడు. తర్వాత ఆయనతో, తనే మూశానని, క్షమించమని చెప్పాడు.

నువ్వు ఏమన్నావో నాకు ఇప్పటికీ వినబడుతుంది. "మూడు రోజుల నుంచీ చెప్తున్నా కదా వినీత్. నీకు ఇచ్చింది ఒక్క పని. ఎందుకు మూశావ్?" అన్నావు.

"తెల్వదు. ఏదో ఆలోచనల మూసిన" అన్నాడు.

బయట బూట్లు వేసుకునేటప్పుడు నేను అతని చెయ్యి పట్టుకుని, "బాబూ, అమ్మాయికి చెప్పేస్తాను" అన్నాను. అతను, "ఇడ్సిపెట్టుండ్రి అంకుల్. బిడ్డతోని నడుద్దామని ఇంత దూరం వచ్చిండ్రు, ఆ సంతోషం ఎందుకు ఖరాబ్ చేసుకుంటరు? రెండు దినాలు అలుగుతది, మళ్ల మంచిగైతది" అన్నాడు. నేను ఆ మాటని పట్టుకున్నాను. మునిగేవాడు పట్టుకున్నట్టు పట్టుకున్నాను.

మంచిగా కాలేదు. చెప్పిన ఒక్క పని చేయనివాడితో, ఎందుకు చేశావంటే జవాబు లేనివాడితో బతుకంతా ఎలా అని నువ్వు స్పీకర్ ఫోన్‌లో మీ అమ్మతో అన్నప్పుడు నేను పక్క గదిలోనే ఉన్నాను. మీరు విడిపోయారని తెలిసిన రోజు ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ఎదురుగా హాల్లో నా సర్టిఫికెట్ కనబడింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క ప్రమాదం జరగలేదని రైల్వేవాళ్లు ఇచ్చింది, ఇంటికి వచ్చిన ప్రతివాడికీ చూపించేది. ఫోన్ మళ్లీ బల్ల మీద పెట్టేశాను. అంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏ కారణమూ లేదు. వినీత్ ప్రతి పండక్కీ "నమస్తే అంకుల్, మోకాలు ఎట్లుంది" అని మెసేజ్ పెడతాడు. నేను దణ్ణం పెట్టే బొమ్మ పంపి ఊరుకుంటాను. పోయిన ఉగాదికి అది కూడా పంపలేకపోయాను.

అతనితో మళ్లీ మాట్లాడమని నేను అడగను. అడిగే అర్హత లేదు, అది నీ ఇష్టం. ఇరవై ఒకటిన ఆ రైతు ఇంటి మీదుగా వెళ్తానని, వినీత్ తరఫున ఇంకోసారి క్షమాపణ చెప్పి వస్తానని రాశావు. అందుకే ఫోన్ చేయకుండా, ఇరవయ్యో తారీఖు రాత్రి డేరా వేయకుండా నువ్వు దిగే హాస్టల్ అడ్రస్‌కి ఈ ఉత్తరం పంపుతున్నాను. ఫోన్ చేస్తే మీ అన్నయ్య స్పీకర్ పెడతాడు, నలుగురి ముందు నా నోరు పెగలదు. ఆయన దగ్గర వినీత్ పేరు ఎత్తకు తల్లీ. నా పేరు చెప్పు. మా నాన్న రైల్వే గేట్‌మన్ అని కూడా చెప్పు, దాచకు. ఆయన నిన్ను ఏమైనా అంటే అది నాకు రాయి.

నువ్వు మళ్లీ నడుస్తున్నావన్న సంతోషం నాకు ఇప్పటికీ తగ్గలేదు. అంత మంచి ఉత్తరానికి మళ్లీ ఒక అబద్ధంతో జవాబు రాయడం చేతకాక ఇదంతా రాశాను. నామీద కోపంతో నడక మాత్రం మానకు.

ఇక్కడిదాకా మీ అమ్మకి చదివి వినిపించాను. తనకీ ఇదే మొదటిసారి తెలియడం. "ఏడు పిల్లలా" అంది. మళ్లీ కాసేపటికి, "ఆ అబ్బాయి ఒక్కడే మోశాడా ఇన్నాళ్లూ" అంది. సర్టిఫికెట్ నేనే గోడ మీంచి దింపి గరాజ్‌లో బూట్ల పక్కన పెట్టి వచ్చాను. వాన కొంచెం తెరిపి ఇచ్చాక పోస్టాఫీసుకి వెళ్తానంటే మీ అమ్మ గొడుగు తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇప్పుడే వెళ్లండి. వాన తగ్గేలోపు మీ మనసు మారుతుంది" అంది.

వెళ్తున్నాను.

ఇట్లు,
నిన్ను తలుచుకుని గర్వపడుతూ, నీకు మొహం చూపించలేని
మీ నాన్న,
శేషగిరి