మార్జిన్‌లో నిలువు గీత

జూన్ 4

మార్జిన్‌లో గీత లేని పేరాని ఎవరైనా చదువుతారా?

ఈ పుస్తకాల ప్రచురణ ఆఫీసులో ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. పిల్లల వార్డు నర్సుల కోసం అక్క రాసిన హ్యాండ్‌బుక్ కొత్త ఎడిషన్ వచ్చినప్పుడల్లా, మారిన ప్రతి వాక్యం పక్కన నిలువు గీత పెట్టడం నా పని. అంత లావు పుస్తకం మళ్లీ మొదటి నుంచి చదివే తీరిక వార్డులో ఎవరికుంటుంది? గీత ఉన్నచోట ఆగుతారు. లేనిచోట పేజీ తిప్పేస్తారు. అంటే, అక్కడ ఏమీ మారలేదని నేను మాట ఇచ్చినట్టే.

అక్క ఫోన్ చేసింది. ఏమే గీతలమ్మా, ఫైలు పంపాను, ఈసారి నీకు చేతినిండా పని అంది. డాక్టరుగా రిటైరైంది గానీ నోరు ఇంకా డ్యూటీలోనే ఉంది.

జూన్ 5

ఫైల్లో ఒక్క గీతా లేదు. మార్పుల్ని ఎర్రగా చూపించే ట్రాక్ ఛేంజెస్ ఆపేసి టైప్ చేసింది. అడిగితే, ఆ ఎర్ర అక్షరాలు చూస్తే పరీక్ష పేపరు దిద్దించుకుంటున్నట్టుందే, అందుకే తీసేశాను, నువ్వున్నావుగా అంది.

ఉన్నాను. పాత ఎడిషన్‌తో కంపేర్ పెడితే, తేడా ఉన్నచోటల్లా కంప్యూటరే గీత పెట్టేస్తుంది.

జూన్ 6

మిగతా అధ్యాయాలు ముట్టుకోనేలేదు. జ్వరం అధ్యాయంలో మాత్రం మార్జిన్ పైనుంచి కిందిదాకా నల్లగా గీతలే. ఈ వయసులో ఎంత ఓపిక అని మురిసిపోయాను.

తర్వాత చదివాను. మందు మోతాదు దగ్గర ఆగిపోయాను. అది పసిపిల్లలకి ప్రమాదమని రెండో ఎడిషన్‌లోనే తీసేశారు. తీయించింది అక్కే. ఆఫీసుకొచ్చి పోట్లాడి మరీ, అమ్ముడైన కాపీలు కూడా వెనక్కి తెప్పించింది.

జూన్ 9

రెండు రోజులు రాయబుద్ధి కాలేదు.

అనుమానం వచ్చి, మొదటి ఎడిషన్ ఫైల్ వెతికి తీసి దానితో కంపేర్ పెట్టాను. కంప్యూటర్ కాసేపు గిరగిరా తిరిగింది. జ్వరం అధ్యాయంలో మార్జిన్ తెల్లగా వచ్చింది. కామా కూడా తేడా లేదు.

జూన్ 10

పాత పుస్తకం చూసి టైప్ చేసిందేమో అన్న ఆశతో బావకి ఫోన్ చేశాను. మొదటి ఎడిషన్ మా ఇంట్లో ఎక్కడిదమ్మాయ్, పొరపాటున ఎవరైనా చూస్తారని అప్పుడే చించి పారేసిందిగా, ఫైలూ లేదు అన్నారు. అంటే కామాలతో సహా జ్ఞాపకం మీదే టైప్ చేసిందన్నమాట. బావ గొంతు తగ్గించి, ఈమధ్య నన్ను ఎవరో కుర్ర డాక్టరు అనుకుంటోంది, రౌండ్స్‌కి లేటొచ్చావేమయ్యా అని కేకలేస్తోంది అన్నారు. నవ్వబోయారు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. నీకు చెబితే పుస్తకం లాగేసుకుంటావని భయపడ్డాను, దాని ప్రాణమంతా అందులోనే కదా అన్నారు.

జూన్ 11

ఆ అధ్యాయానికి రిజెక్ట్ ఆల్ నొక్కాను. అక్క మార్పులన్నీ పోయి పాత ఎడిషన్ వాక్యాలు వెనక్కి వచ్చాయి.

జూన్ 19

ప్రూఫ్ కాపీ పట్టుకెళ్లాను. ఇస్తే చూడదేమో, చూసినా గుర్తుపట్టదేమో అనుకున్నాను.

అక్క కళ్లజోడు పెట్టుకుని, జ్వరం అధ్యాయం తీసి, మార్జిన్ మీద వేలు కిందికి జరుపుతూ పోయింది. వాక్యాలు చదవడం లేదు. గీతల కోసం వెతుకుతోంది. అధ్యాయం అయిపోయింది. మళ్లీ మొదటికి తిప్పింది. ఎండాకాలమంతా కూర్చుని చేశాను కదే, నేను చేసింది ఏదే అంది. కోపం లేదు. చిన్నప్పుడు నా రిబ్బన్లు కనబడకపోతే నేను తనని అడిగిన గొంతు అది. అమ్మకి తీరిక లేని ఇంట్లో నాకు జడలు వేసింది అక్కే.

బావ కిటికీ వైపు తిరిగారు.

ప్రింటర్ పాడైందక్కా, గీతలు పడలేదు, రేపు వేరే కాపీ తెస్తాను అన్నాను. మీ ఆఫీసులో అన్నీ తుక్కే, నీతో సహా అని నవ్వింది.

జూన్ 20

తను టైప్ చేసింది చేసినట్టే ఉంచి, గీతలన్నీ పెట్టి, ఒకే ఒక్క కాపీ తీశాను. దాన్ని గడప దాటనివ్వనని బావ చేత ఒట్టు వేయించుకున్నాను.

అక్క వేలు మొదటి గీత దగ్గర ఆగింది. ఇదీ అంది. తర్వాతి గీత దగ్గర, ఇదీ. అలా పేజీ చివరిదాకా. మధ్యలో నా వైపు చూసి, బాగా చేశావే అంది. ఏం చేశానని?

జూలై 2

పుస్తకం అచ్చుకి వెళ్లింది. జ్వరం అధ్యాయంలో మార్జిన్ ఖాళీ. నర్సులు పేజీ తిప్పేస్తారు. తిప్పనీ.

జూలై 8

అక్క దగ్గర్నుంచి ఇంకో ఫైల్ వచ్చింది. ఫైలు పేరు చూస్తే, ఈసారి శ్వాస అధ్యాయం. తెరవకుండానే తెలుసు, కొత్త ఎడిషన్‌తో కంపేర్ పెడితే మార్జిన్ నల్లగా వస్తుంది. మొదటిదానితో పెడితే తెల్లగా. దేనితో పెట్టాలో, అసలు తెరవాలో వద్దో, నాకు తేలడం లేదు.