తెలిసీ దిద్దని ప్రూఫు

జనవరి 5, సోమవారం

ఫిజిక్స్‌కి కొత్తగా వచ్చినాయనకి పిల్లల చేత పేపర్ పెట్టించాలని బుద్ధి పుట్టింది. రెండు వారాలకోసారి, నాలుగు పేజీలు, అంతా పిల్లలే. రాయడం, పేజీలు పెట్టుకోవడం, ఆఫీసు జెరాక్స్ మీద తీసుకోవడం కూడా వాళ్ళేనట. పేరు కూడా పెట్టేసుకున్నారు, లాంగ్ బెల్ అని. పదకొండేళ్ళుగా ఈ స్కూల్లో వార్షిక సంచిక తెస్తున్నది నేను. నన్ను ఒక్క మాట అడగలేదు. అడక్కపోగా, మీటింగులో నా వైపు తిరిగి, మేడమ్ లాంటి సీనియర్లు ఉండగా నాకు భయమేంటి అన్నాడు. హెడ్‌మిస్ట్రెస్ మురిసిపోయింది.

ఇరవై ఎనిమిదేళ్ళుంటాయేమో. చొక్కా చేతులు మోచేతుల దాకా మడుస్తాడు. స్టాఫ్‌రూమ్‌లో నేనే హీరో అని పేరు పెట్టాను. సాయంత్రానికల్లా అందరూ అదే అంటున్నారు. ఈ రోజుకి అదొక్కటే ఆనందం.

జనవరి 7, బుధవారం

మా అమ్మాయి అందులో చేరింది. చేరడమేమిటి, ఎడిటరట. చేతులెత్తి ఎన్నుకున్నారట. ఇది నాకు లెక్కల టీచర్ చెప్పింది, అదీ కంగ్రాట్స్ అంటూ. కన్నతల్లిని, అదే స్కూల్లో లాంగ్వేజ్ టీచర్ని, నాకు లెక్కల టీచర్ చెప్పాలి.

నా సంచికకి ఒక్క ముక్క రాసిచ్చిన పాపాన పోలేదు. ఆరో తరగతిలో ఒకసారి ఇచ్చింది, అంతే. తర్వాత ఎప్పుడడిగినా నాకు రాయడం రాదమ్మా అనేది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఇప్పుడెలా వచ్చిందో మరి.

ఇంట్లో నేను ఏమీ తెలియనట్టే ఉన్నాను. అది కూడా ఏమీ చెప్పలేదు. మొండితనంలో ఇద్దరం ఇద్దరమే.

జనవరి 13, మంగళవారం, సాయంత్రం 4.40

ఫిజిక్స్ ల్యాబ్ ముందు నుంచి రెండుసార్లు నడిచాను. అటు నాకు పనేమీ లేదు.

బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: ఎవరి గురించి రాస్తే వాళ్ళని అడగాలి. మా అమ్మాయి టేబుల్ మీద కూర్చుని కాళ్ళూపుతూ ఒకటే మాట్లాడుతోంది. ఇంట్లో దీని నోట్లోంచి మాట రావాలంటే బతిమాలుకోవాలి. హీరో వెనక స్టూలు మీద కూర్చుని వింటున్నాడు. ఉపదేశం లేదు, ఏమీ లేదు. ఉత్తినే వింటున్నాడు. వినడం కూడా గొప్పేనా! నాకెవరైనా చెప్తే నేనూ వింటాను.

జనవరి 23, శుక్రవారం

మొదటి సంచిక వచ్చింది. మా అమ్మాయి ఆయమ్మ గురించి రాసింది. పిల్లలు మర్చిపోయిన నీళ్ళ సీసాలన్నీ ఆయమ్మ కడిగి, మెట్ల కింద అరలో వరసగా పెడుతుందట. మొత్తం నలభై ఒకటి. ఏది ఏ క్లాసుదో మూత చూసి చెప్పేస్తుందట. ఎవరూ రాకపోతే సెలవుల ముందు మళ్ళీ కడుగుతుందట. అంతే రాసి ఆపేసింది. నేనైతే శ్రమజీవి అనో, మాతృహృదయం అనో మొదలుపెట్టి ఉండేదాన్ని. ఇక్కడ ఒక్క పొగడ్త లేదు. బాగుంది. చాలా బాగుంది. ఆ మెట్లు నేను రోజూ ఎక్కి దిగుతాను. ఆ అర చూడలేదు.

ఏడుపొచ్చింది. కూతురు బాగా రాసిందని వచ్చిన ఏడుపు కాదు. అతని దగ్గర రాసిందని.

మా ఆయన బస్ డిపోలో గుమాస్తా. పేపరంటే ఆటల పేజీ తప్ప ముట్టుకోడు. దీన్ని రెండుసార్లు చదివాడు. నీ పోలికే అన్నాడు. నా మొహం చూసి, కడుపు మండుతోందా అని నవ్వాడు. మండుతోంది, నవ్వుతావేం అన్నాను.

జనవరి 24, శనివారం

అసూయ అనే మాటని సొంతవాక్యంలో వాడమని ప్రతి ఏడూ పిల్లలకి ఇస్తాను, రెండు మార్కులకి.

జనవరి 28, బుధవారం

పక్క స్కూల్లో ఏదో పరీక్ష. మన దగ్గర్నుంచి ఒకరిని ఇన్విజిలేటర్‌గా పంపమన్నారు, నిన్నటి నుంచి శుక్రవారం దాకా. డ్యూటీ చార్టు వేసేది నేనే. క్లాసులున్న వాళ్ళని పంపితే ఒకటే గొడవ. అందుకని లైబ్రేరియన్ని వేశాను. ఆయన్ని పిల్లలు ష్ష్ సార్ అంటారు, రోజంతా అదొక్కటే అంటాడు కాబట్టి. రెండేళ్ళలో రిటైరవుతాడు. సరేనమ్మా అని గొడుగు పట్టుకుని వెళ్ళాడు. లైబ్రరీకి తాళం. నాలుగు రోజులు తాళం పడితే కొంపలేం మునగవు.

ఫిబ్రవరి 2, సోమవారం

హీరో వచ్చాడు, స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ. మొదటి సంచికలో అచ్చుతప్పులు పడ్డాయట, వచ్చేదానికి ప్రూఫు చూసిపెట్టమన్నాడు. అప్పుడే నాకు కాస్త చల్లబడింది. ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక గొంతు తగ్గించి, పిల్లల వాక్యాలు మాత్రం కదపొద్దు మేడమ్, ప్లీజ్ అన్నాడు.

నేను కదుపుతానని ఎవరు చెప్పారన్నాను. వదల్లేదు నేను. చివరికి చెప్పాడు. ఆ షరతు పెట్టింది మా అమ్మాయేనట. ఆరో తరగతిలో నాకిచ్చిన వ్యాసాన్ని నేను మొత్తం మార్చేసి వేశానట. దానికి ప్రైజు కూడా వచ్చిందట. అందరూ మెచ్చుకుంటుంటే, అది వాళ్ళమ్మ రాసిందని తనకొక్కదానికే తెలుసట. ఆ రోజు నుంచీ రాయడం మానేసిందట.

మా ఇంటి సంగతి నేను అతని దగ్గర వినాలి! తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి ఆ పాత సంచిక తీశాను. నాన్న సైకిల్ నేర్పిన రోజు గురించి. 'ఉషోదయ వేళ, పక్షుల కిలకిలారావాల నడుమ' అని మొదలైంది. పదకొండేళ్ళ పిల్ల ఉషోదయ వేళ అంటుందా? అది రాసుకొచ్చింది నాకింకా గుర్తుంది. 'నాన్న వదిలేశాడని నాకు పడ్డాకే తెలిసింది.' అది కొట్టేశాను. పెద్దలని తప్పు పడుతున్నట్టుందని.

ఇంతకంటే మంచి వాక్యం నేను పదకొండేళ్ళలో ఆ సంచికలో వెయ్యలేదు. అయినా కోపం తగ్గలేదు. నాతో ఒక్కసారి చెప్పి ఉంటే ఏం పోయేది? అతనికే ఎందుకు చెప్పాలి?

ఫిబ్రవరి 4, బుధవారం

ప్రూఫులు వచ్చాయి. మొదటి పేజీ, మా అమ్మాయి పేరుతో. లైబ్రరీ వరసగా నాలుగు రోజులు మూసి ఉందని, లైబ్రేరియన్ గారు స్కూలుకే రావడం లేదని. ఆఖర్న, ఆయన ఏమంటారో అడుగుదామని నాలుగు రోజులూ వెళ్ళాం, నాలుగు రోజులూ తాళమే అని. ఆ ముక్క రాసినప్పుడు ఎంత పొంగిపోయి ఉంటారో నాకు తెలుసు. అడగాలన్న రూలూ పాటించినట్టయింది, ఋజువూ దొరికినట్టయింది. సోమవారం ఆయన తిరిగొచ్చి సీట్లో కూర్చున్నాడు. అప్పటికే రాసేసుకుని మురిసిపోతున్నారు, మళ్ళీ ఎవరూ వెళ్ళలేదు.

మొదటిసారి చదవగానే పట్టుకున్నాను. ఆయన్ని పంపిన చార్టు నా చేతిరాతలో ఉంది. నా సొరుగులోనే ఉంది.

ఎర్ర పెన్ను చేతిలో ఉంది. మూడు కామాలు పెట్టాను. ఒక పొల్లు సరిచేశాను. చూడమన్నది అచ్చుతప్పులేగా. వాక్యాలు కదపొద్దన్నారుగా. కదపలేదు. ఐదింటికి హీరో చేతిలో పెట్టాను. థాంక్యూ మేడమ్ అన్నాడు.

ఫిబ్రవరి 5, గురువారం

జెరాక్స్ రేపు పొద్దున ఎనిమిదింటికి. ఇంకా చెప్పొచ్చు.

టిఫిన్ దగ్గర అమ్మాయి తనంతట తనే అడిగింది, మొదటి పేజీ ఎలా ఉందని. తప్పుల్లేవన్నాను. నవ్వింది. నన్ను చూసి అలా నవ్వి ఎన్ని నెలలైందో. ఆ నవ్వు చూసి కూడా చెప్పలేదు.

పడేది అతనేగా అనుకుంటున్నాను. అతని ముందు నిలబడి ఉన్నది ఎవరో ఆలోచించడం లేదు. ఆలోచించడం లేదని రాశానంటే ఆలోచిస్తున్నట్టే. ఛీ.

ఫిబ్రవరి 6, శుక్రవారం

రెండో పీరియడ్‌కల్లా స్కూలంతా పాకింది. ష్ష్ సార్ స్టాఫ్‌రూమ్‌కి వచ్చాడు. పేపరు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. నా దగ్గరికొచ్చి, నన్ను డ్యూటీకి పంపింది మీరేకదమ్మా అన్నాడు. అవునన్నాను. మరెందుకిలా రాశారంటారూ అని, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.

హెడ్‌మిస్ట్రెస్ హీరోనీ, మా అమ్మాయినీ పిలిచింది. గది బయటికి కూడా వినిపించాయి కేకలు. హీరో తప్పంతా తనదే అన్నాడట, పిల్లల్ని ఏమీ అనొద్దన్నాడట. అమ్మాయి మాత్రం రాసింది నేను, పేరు నాది అందట. బయటికొచ్చాక వరండాలో గోడవైపు తిరిగి నిలబడింది. నేను ఎదురుగుండానే ఉన్నాను. దగ్గరికి వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?

తర్వాత హెడ్‌మిస్ట్రెస్ నన్ను పిలిచి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. పాపం, మీరు అచ్చుతప్పులు చూసుకునే హడావిడిలో విషయం గమనించి ఉండరు అంది. తల ఊపాను.

ఫిబ్రవరి 9, సోమవారం

ఇరవయ్యో తారీఖున ఆఖరి సంచిక. అందులో క్షమాపణ వేసి పేపరు మూసెయ్యాలి. హీరోకి మెమో. అమ్మాయి ఎడిటర్‌గా ఉండకూడదు. ఇదీ తీర్పు.

పేపరు పిల్లలు ఐదుగురూ లైబ్రరీకి వెళ్ళి ష్ష్ సార్‌కి సారీ చెప్పారట. ఆయన పర్లేదన్నాడట. ఇరవై తొమ్మిదేళ్ళలో తన గురించి ఎవరూ ఏమీ రాయలేదని, ఈసారి రాసేముందు స్టాఫ్‌రూమ్‌లో ఎవరినైనా అడగమని చెప్పాడట.

అమ్మాయి రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదు. ఈ సాయంత్రం వాళ్ళ నాన్నతో అంటోంది, లైబ్రరీ సార్ అన్నది నిజమే నాన్నా, ఎవరో ఒకరికి తెలిసే ఉంటుంది, అడగాల్సింది అని. నేను వంటింట్లో గిన్నె తోముతున్నాను. తోమిందే తోముతున్నాను. మా ఆయన వచ్చి కొళాయి కట్టేసి, నా వైపు చూసి వెళ్ళాడు.

ఫిబ్రవరి 11, బుధవారం

హీరో అని ఎవరూ అనడం లేదు. చొక్కా చేతులు కిందకి దించుకుని బొత్తాలు పెట్టుకుని తిరుగుతున్నాడు. గెలిచాను. అన్నం సహించడం లేదు.

ఫిబ్రవరి 14, శనివారం, పొద్దున 7.30

చెప్పేశాను.

యూనిఫామ్ ఇస్త్రీ చేసుకుంటోంది. ఆ వార్త తప్పని నాకు ప్రూఫులోనే తెలుసని అన్నాను. గబగబా అన్నాను, మళ్ళీ ధైర్యం పోతుందని. ఇస్త్రీపెట్టె కట్టేసింది. లోపలికి వెళ్ళింది. తలుపు వేసుకుని ఏడుస్తుందనుకున్నాను. నోట్‌బుక్కూ పెన్నూ తెచ్చుకుని నా ఎదురుగా కుర్చీ వేసుకుంది.

మేడమ్ అని మొదలుపెట్టింది. ఇంట్లో!

చార్టు ఎవరు వేశారని అడిగింది. నేనే అన్నాను. ప్రూఫు ఎప్పుడు చూశారని అడిగింది. చెప్పాను. జెరాక్స్ తీసేలోపు చెప్పే వీలుందా అని అడిగింది. రెండు రాత్రులూ ఒక పగలూ ఉందన్నాను. ఎందుకు చెప్పలేదని అడిగింది. ఒంట్లో బాగాలేదన్నాను. రాసుకోలేదు. వాక్యాలు కదపొద్దన్నారుగా అన్నాను. రాసుకోలేదు. నా డ్యూటీ అచ్చుతప్పుల వరకే అన్నాను. పెన్ను ఎత్తి పట్టుకుని అలాగే చూస్తోంది. తొందరపెట్టలేదు. తిట్టలేదు. ఆ చూపు ముందు ఇంక అబద్ధం మిగల్లేదు నా దగ్గర.

కుళ్ళుకున్నాను అన్నాను. నాకు రాయని పిల్ల ఆయనకి రాస్తుంటే చూడలేకపోయాను, ఆయన పడిపోవాలనుకున్నాను అన్నాను.

అప్పుడు రాసుకుంది. రాసుకున్నాక చదివి వినిపించింది, మీరన్నది ఇదేనా అని. ఇదే అన్నాను. వేసుకోవచ్చా అంది. వద్దంటే అన్నాను. వద్దన్నారని వేస్తాం అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిపి వచ్చాయి. ఇది అచ్చయితే వార్షిక సంచిక నా చేతిలోంచి పోతుంది. పదకొండేళ్ళ పరువు పోతుంది. మెమో అతని మీద నుంచి నా మీదకి వస్తుంది. దానికీ తెలుసు.

వెయ్యమన్నాను.

మళ్ళీ ఇస్త్రీపెట్టె పెట్టుకుంది. కాసేపటికి అటు తిరిగే, సార్ నన్నేమీ లాక్కోలేదమ్మా అంది. నేను దగ్గరికి వెళ్ళబోతే, కాలుతుంది, ఉండు అంది.

ఫిబ్రవరి 18, బుధవారం

ఫిజిక్స్ ఆయన ల్యాబ్ దగ్గర నన్ను ఆపాడు. పిల్లలు రాసింది చూశాడట. తీసేయమంటే తీయించేస్తాను మేడమ్, ఇంత అవసరం లేదు అన్నాడు. కోపంగా అనలేదు, అదే కష్టంగా ఉంది. ఎడిటర్ని అడగండి అన్నాను. ఎడిటర్ లేదు కదా ఇప్పుడు అన్నాడు. ఉంది అన్నాను.

ఫిబ్రవరి 20, శుక్రవారం, 9.45

పేపరు వచ్చింది. మొదటి పేజీలోనే వేశారు, నాలుగు లైన్లు. నేనన్న మాట నేనన్నట్టే ఉంది. ఒక్క అక్షరం మార్చలేదు.

పదింటికి హెడ్‌మిస్ట్రెస్ రమ్మంది. ఈసారి నన్నొక్కదాన్నే.