చింతపండుతో తోమిన తక్కెడ

12 మార్చి 2011

ప్రియమైన ప్రిస్సిల్లా అక్కకు,

ఫోన్లో చెబితే ఏడుస్తానని ఉత్తరం రాస్తున్నాను. టూవూంబాలో నీ హాస్పిటల్ డ్యూటీల మధ్య ఎలాగో తీరిక చేసుకుని చదువు.

యూనివర్సిటీ వాళ్లు కోర్సులో భాగంగా నన్ను ప్లేస్‌మెంట్ శిక్షణకి పంపిన మ్యూజియం, ఒకప్పుడు బంగారం తవ్వేవాళ్ల సరుకులు దాచిన రాతి గోదాము. అక్కడ బంగారం తూచిన ఇత్తడి తక్కెడ ఒకటుంది. నల్లగా మసిబారి ఉంటే చూడలేకపోయాను. క్రిస్మస్‌కి అమ్మ మనచేత ఇత్తడి సామాను తోమించేది కదా, అలాగే చింతపండు పెట్టి తోమేశాను. తళతళలాడింది. మెచ్చుకుంటారనుకున్నాను.

మా మేనేజర్ హెలెన్ మొహం పాలిపోయింది. పళ్లెం అడుగున నూట యాభై ఏళ్ల కిందట ఎవరో సిరాతో రాసుకున్న పేరు ఉండేదట. అదీ పోయింది. "ఎవరు చేశారు?" అని అడిగితే నేను నోరు విప్పలేదు. బీరువా తాళాలు వాలంటీర్ నార్మా ఆంటీ దగ్గరుంటాయి. డెబ్బై దాటిన మనిషి. ఆ రోజు వాటిని నాకిచ్చింది ఆవిడే. అందరూ ఆవిడ వైపే చూశారు. మర్నాటి నుంచి ఆవిడ రావడం లేదు.

నా మీద నాకే అసహ్యంగా ఉందక్కా.

నీ చెల్లి,
ఫేబీ

20 మార్చి

ప్రియమైన ఫేబీ,

మ్యూజియంలో అంట్లు తోమిన మొదటి మనిషివి నువ్వే అయ్యుంటావు!

సరే, తిట్టను. ప్లేస్‌మెంట్ పోతే కోర్సు ఆర్నెల్లు వెనక్కి పోతుంది. వీసా సంగతి ఆలోచించు. ఆవిడది ఉద్యోగం కూడా కాదు. నోరు మూసుకుని ఉండు. ఇలా చెబుతున్నందుకు దేవుడు నన్ను క్షమించాలి.

ప్రేమతో,
అక్క

18 ఏప్రిల్

ప్రియమైన అక్కకు,

నీ మాట నాకు హాయిగా అనిపించింది. అందుకే దాదాపు నెల రోజులు విన్నాను. నిన్న చర్చి నుంచి నేరుగా నార్మా ఆంటీ ఇంటికి వెళ్లాను.

"తోమింది నేనే, ఆంటీ."

"తెలుసమ్మా. గొలుసులో చింతపండు పీచు ఇరుక్కుని ఉంది. నేనే తోమానని హెలెన్‌తో చెప్పేశాను. నీకు చదువుంది కదా."

ఆవిడ మొహం చూడలేక గోడ వైపు చూశాను. గడ్డం ఉన్న ఒకాయన ఫొటో కనిపించింది. ఎవరని అడిగాను.

"మా ముత్తాత ఆల్బర్ట్. ఆ గోదాములో గుమాస్తా. పళ్లెం మీద ఉన్న పేరు ఆయనదే. ఆయన చేతిరాత ఇంకెక్కడా లేదు."

అక్కా, ఆ మాట ఆవిడ కోపంగా అన్నా బాగుండేది.

అక్కడి నుంచి హెలెన్ దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. ప్లేస్‌మెంట్ అక్కడితో ఆపేశారు. కోప్పడకు. నార్మా ఆంటీ వచ్చే వారం నుంచి మళ్లీ వస్తుంది. తక్కెడ పక్కన పెట్టే వివరాల కార్డు మాత్రం ఆవిడ నన్నే రాయమంది. ఆల్బర్ట్ పేరు రాశాను. దాన్ని చెరిపింది ఎవరో కూడా కింద రాశాను.

నీ
ఫేబీ