రెండు కార్నేషన్లు

టీచర్ గారికి నమస్కారం.

శనివారం తల్లుల సభకు అమ్మ ఉన్న పిల్లలు ఎర్ర కార్నేషన్ పువ్వు, లేనివాళ్లు తెల్లది పెట్టుకోవాలన్నారు. మా పాప పేరు తెల్లపూల జాబితాలో ఉంది. కన్నతల్లి పోయిన మాట నిజమే. ఆరేళ్లుగా పెంచుతున్నది నేను.

"పిన్నీ, తెల్లది పెట్టుకుంటే నువ్వు లేనట్టా? ఎర్రది పెట్టుకుంటే అమ్మ అలుగుతుందా?" అని నిన్న పొద్దున అన్నం మానేసి అడిగింది.

"ఇద్దరికీ చెరొకటి పెట్టుకోవే, పిచ్చి మొద్దూ!" అన్నాను.

అందుకని రెండూ ఒకే పిన్నుకు గుచ్చి పంపుతాను. నిన్న గుచ్చి చూశాను. నీళ్లు లేకున్నా సాయంత్రం దాకా వాడిపోలేదు. దయచేసి ఏదీ తీయించకండి. ఎర్రది ఎవరికని ఎవరైనా అడిగితే, ముందు వరుసలో కూర్చునే నన్ను చూపించండి.

ఇట్లు,
పాప పిన్ని