వీపీఎన్ ఆపిన పూట

షిరాజ్, బుధవారం

ఫరంగీస్ జాన్‌కు,

నేను ఉద్యోగం నుంచి దిగిపోయిన రోజున, ఇక కమ్రానీ జోలికి పోనని నీకు మాటిచ్చాను. ఏడాది తిరగకముందే ఆ మాట తప్పాను, నీకు తెలియకుండా. నా ఒళ్ళు బాగానే ఉంది. ఇంట్లో అందరం క్షేమమని మాత్రం ఈసారి రాయలేను.

మాత్రలు వేసుకుంటున్నానా అని అడిగావు, వేసుకుంటున్నాను. మీ అక్క మోకాలు ఎలా ఉందో రాయి. నిలూఫర్ ఫోను ఎందుకు ఎత్తడం లేదనీ అడిగావు. శనివారం పొద్దున సర్కారు మనుషులు వచ్చి మన అమ్మాయిని తీసుకెళ్ళారు. ఇది ఫోనులో చెప్పే మాట కాదు. అందుకే మీ అక్క ఊరికి, రష్త్‌కు వచ్చే బస్సు డ్రైవరు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

సెన్సారు కార్యాలయంలో కూర్చుని ఆ కమ్రానీ అచ్చయిన నా అనువాదాలు మూడింటిని కాగితపు గుజ్జు చేయించాడు. వాడు పోయి రెండేళ్ళయినా నా కడుపుమంట చల్లారలేదు. వాడు కోత పెట్టిన పుస్తకాల వివరాలన్నీ మారుపేరుతో నెట్‌లో రాస్తూ వచ్చాను. వీపీఎన్‌తో జాడ దాచుకోవడం నిలూఫరే నేర్పింది.

"బాబా, ముందు ఇది నొక్కు. ఆకుపచ్చ దీపం వెలిగాకే తిట్లు మొదలుపెట్టు" అని నవ్వేది.

కంటి డాక్టరు అపాయింట్‌మెంటు ఇచ్చే సర్కారు సైటు, వీపీఎన్ ఆపితే గానీ తెరుచుకోదు కదా. పోయిన నెల ఆపాను. డాక్టరు తేదీ రాసుకున్నాను. అదే ఊపులో కమ్రానీ మీద రెండు పేజీలు రాసి నెట్‌లో పెట్టేశాను. వీపీఎన్ మళ్ళీ వేయలేదు. ఇంటి నెట్ కనెక్షను నిలూఫర్ పేరున ఉంది, జాడ దాని దగ్గరకే చేరింది.

ఆదివారం వాళ్ళ ఆఫీసుకు వెళ్ళి, రాసింది నేనని చెప్పాను. అధికారి టీ గ్లాసు దించనైనా లేదు.

"హాజీ ఆగా, మీ అమ్మాయి తనే రాశానని సంతకం పెట్టేసింది. మీకెందుకీ ఆయాసం?"

"నన్ను కాపాడాలని అబద్ధం చెబుతోంది."

"అలాగా! మరి ఈ వయసులో వీపీఎన్ వాడటం మీకెవరు నేర్పారు?"

నిజం చెబితే దాని నెత్తిన ఇంకో నేరం పడుతుంది. జీవితమంతా మాటలు వెతుక్కుంటూ బతికినవాణ్ణి, అప్పుడు ఒక్క అబద్ధం దొరకలేదు. "చూశారా, ఇంటికెళ్ళి పడుకోండి" అన్నాడు.

రేపు మళ్ళీ వెళ్తాను. నా అంతట నేనే నేర్చుకున్నానని, వాళ్ళ ముందే చేసి చూపిస్తాను. పొద్దుటినుంచి అదే సాధన. నువ్వు మొదటి బస్సుకే బయల్దేరు. నేను తిరిగి రాకపోతే నిలూఫర్ వస్తుంది, తలుపు తీయడానికి ఎవరో ఒకరు ఉండాలి.

దీనికంతటికీ కారణం ఎవరని మీ అక్క అడుగుతుంది. కమ్రానీ అని చెప్పకు. చచ్చినవాణ్ణి తిట్టడం నాకు సులువైంది, అంతే. ఇప్పుడు నేను తిట్టుకుంటున్నది కింద సంతకం పెట్టిన పేరునే, ఆమెకూ అదే చెప్పు.

ఇట్లు,
నీ భర్త,
ఈరజ్