తువ్వాలు ఎత్తితే లేవాలి

జనవరి 9, గురువారం

కారు కడిగాను. వెనక సీటు కింద మళ్ళీ పొద్దుతిరుగుడు గింజల పొట్టు. గుప్పెడు కాదు, చేటెడు. రామిరో సార్ గింజ కొరికి, పప్పు మింగి, పొట్టు కారులోనే ఉమ్ముతాడు. స్పెయిన్‌లో ఫుట్‌బాల్ ఆటగాళ్ళకు ఇది మామూలేనట. కారు క్లబ్బుది, నోరు ఆయనది. ఆ తడి పొట్టు ఏరే వేళ్ళు మాత్రం నావి.

ముప్పై ఆరేళ్ళ మనిషి. స్పెయిన్‌లో మొదలుపెట్టి, ఇంగ్లాండ్‌లో బెంచీ మీద కూర్చుని, గ్రీస్‌లో తిట్లు తిని, చైనాలో ఒళ్ళు పెంచుకుని, చివరికి ఖతార్‌లో తేలాడు. మైదానంలో పరిగెత్తడం కన్నా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడటమే ఎక్కువ. ఈ సీజన్‌తో కాంట్రాక్ట్ అయిపోతుంది. పొడిగిస్తే అల్ తుమామాలో ఈ విల్లా ఉంటుంది. విల్లా ఉంటే డ్రైవర్‌గా నేనుంటాను, వంటకు మాబున్నీసా ఉంటుంది. లేకపోతే ఆయన స్పెయిన్‌కు, మేమిద్దరం రాయచోటికి. అందుకే ఆయన గోల్ కొట్టాలని రోజూ మొక్కుకుంటున్నాను. చూస్తేనే ఒళ్ళు మండే మనిషి కోసం మొక్కుకోవడం ఏం ఖర్మో.

జనవరి 12, ఆదివారం

సార్ ఏజెంట్ వచ్చాడు. ఆయనా స్పెయిన్ మనిషే. అద్దాలు దించితే తప్ప కారులో ఊపిరాడనంత సెంటు. సార్ నిద్రపోతుంటే నన్ను గేటు దగ్గరికి పిలిచాడు.

క్లబ్ పెద్దలు మ్యాచ్‌లు టీవీలో చూస్తారట. స్టాండ్స్ ఖాళీగా ఉంటే, రామిరో పేరు ఒక్కడూ అరవకపోతే, ఎందుకు పొడిగిస్తారు అన్నాడు. కాబట్టి ప్రతి హోమ్ మ్యాచ్‌కీ ఓ ముప్పై మందిని తెచ్చి ఒకే చోట కూర్చోబెట్టి అరిపించాలి. సార్‌కు తెలియకూడదు. కాంట్రాక్ట్ వస్తే నీ వీసా కూడా సేఫ్ అంటూ నా చెంప తట్టాడు.

లోపలికి వెళ్ళి సబ్బుతో ముఖం కడుక్కున్నాను.

జనవరి 14

ఉమ్ ఘువైలినాలో షఫీ కెఫెటేరియాకు వెళ్ళాను. షఫీది జగిత్యాల. ప్రతి లేబర్ క్యాంప్‌లోనూ వాడికి మనిషి ఉంటాడు. విషయం చెబితే, గిదేం పెద్ద పని భాయ్, మనూర్ల మీటింగులకు లారీలల్ల జనాన్ని తోల్తలేరా, గట్లనే అన్నాడు. మనిషికో బిర్యానీ ప్యాకెట్, ఒక జెర్సీ, పోను రాను బస్సు.

ఒక్కటే చిక్కు. మనోళ్ళకు క్రికెట్ తప్ప తెల్వది, ఎప్పుడు ఒర్రాల్నో ఎట్ల తెలుస్తది అన్నాడు. వాడే ఉపాయం కూడా చెప్పాడు. నా భుజం మీద ఎర్ర తువ్వాలు ఎప్పుడూ ఉంటుంది. నేను దాన్ని ఎత్తితే లేచి అరవాలి, దించితే కూర్చోవాలి. బంతిని చూసే పనే లేదు.

సరేనన్నాను. సరేనన్న నోటితోనే వాడిచ్చిన చాయ్ తాగాను. చేదుగా ఉంది.

జనవరి 17, శుక్రవారం

ఆట మొదలు కాకముందే బిర్యానీ ప్యాకెట్లు విప్పేశారు. సీట్ల కింద కోడి బొక్కలు. ఒకడు భార్యతో వీడియో కాల్, ఒకడు గుర్రు. స్పెయిన్ నుంచి వచ్చినాయన ఎవరంటే ఒక్కడికీ తెలియదు. తువ్వాలు ఎత్తగానే మాత్రం కరెంటు పెట్టినట్టు లేచారు. డప్పు, ఈల. రామిరో! రామిరో!

ఓసారి చెమట తుడుచుకుందామని తువ్వాలు ముఖం దాకా తెచ్చాను. అంతే, ముప్పై మందీ లేచి గోల. అప్పుడు బంతి ఎక్కడో ఉంది. సార్ వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు. తలెత్తి మా వైపు చాలాసేపు చూశాడు. చేతులు భద్రం భాయ్ అని షఫీ నన్ను కసిరాడు.

తిరిగొచ్చేటప్పుడు కారులో పొట్టు ఉమ్మలేదు. ఫోన్‌లో మా అరుపులే మళ్ళీ మళ్ళీ విన్నాడు. తర్వాత వీడియో స్పెయిన్‌లో ఉన్న కూతురికి పంపాడు. తొమ్మిదేళ్ళ పిల్లట. అది పుట్టకముందు సొంత ఊరి మైదానంలో ఆయన పెనాల్టీ కొట్టబోయి గురి తప్పాడట. స్టేడియం మొత్తం ఈలలేసి ఎగతాళి చేసింది. ఇంటర్నెట్‌లో ఆ వీడియో ముక్క ఇప్పటికీ తిరుగుతోంది, బడిలో పిల్లలు దానికి చూపించి నవ్వుతారట. తన పేరు ఎవరైనా ప్రేమగా పాడటం కూతురు ఇంతవరకూ వినలేదు అన్నాడు.

నేను రోడ్డే చూస్తూ నడిపాను.

జనవరి 31, శుక్రవారం

గోల్ కొట్టాడు. కొట్టాడనడం దేనికి, బంతే వచ్చి ఆయన తొడకు తగిలి లోపలికి పోయింది. గుడ్డి కన్నా మెల్ల నయం. పొడిగింపు మాటలు మొదలయ్యాయని ఏజెంట్ మెసేజ్ పెట్టాడు.

ఆట అయ్యాక సార్ మా దగ్గరికి వచ్చి చెమట జెర్సీ విప్పి విసిరాడు. మనవాళ్ళిద్దరు దాని కోసం కొట్టుకున్నారు. అభిమానమా పాడా, అమ్ముకోవడానికి. చంక దగ్గర చిరిగిపోయింది. చిరిగినదెవడు కొంటాడని ఇద్దరూ దాన్ని సీటు కింద, బొక్కల మధ్య పారేసి పోయారు.

ఫిబ్రవరి 6

మాబున్నీసా వంటింట్లో ఆపింది. ఆయప్ప మోకాలు చూసినావా అమరన్నా, బన్ను మాదిరి ఉబ్బింది, సూదులేసుకోని ఆడతాండాడు, క్లబ్బు డాక్టరుకు చెప్పొద్దని నన్ను బతిమాలినాడు, చెప్పేదా వద్దా అంది.

వద్దన్నాను. చెబితే ముగ్గురి టికెట్లూ చిరుగుతాయి. ఆమె మళ్ళీ ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది. ఆయన ఉమ్మే పొట్టు కన్నా నేనన్న ఆ ఒక్క మాటే ఎక్కువ రోత పుట్టించింది.

ఫిబ్రవరి 21, శుక్రవారం

ఎలా రాయాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

సెకండ్ హాఫ్. బంతి సార్ దగ్గరికి వచ్చింది. ఎన్నడూ లేనిది పరిగెత్తాడు. ఒకణ్ణి దాటాడు, రెండోవాణ్ణి దాటాడు. నిజంగా బాగుంది. తువ్వాలు సంగతి మరిచిపోయి చూస్తూ ఉండిపోయాను. మూడోవాడు దగ్గరికి రాకముందే, ఎవరూ ముట్టుకోకుండానే, కాలు మెలి తిరిగి పడ్డాడు. ఆ కేక పైదాకా వినిపించింది.

నేను లేచి నిలబడ్డాను. రెండు చేతులూ వాటంతటవే తల మీదికి పోయాయి. కుడిచేతిలో తువ్వాలు ఉంది.

ముప్పై మందీ లేచారు. డప్పు. ఈలలు. రామిరో! రామిరో! బిర్యానీ బాగా దొరికినట్టుంది, ఈసారి చిందులు కూడా. ఆయన గడ్డి పట్టుకుని పొర్లుతున్నాడు, వీళ్ళు ఎగురుతున్నారు. తువ్వాలు కిందికి విసిరికొట్టాను. ముందు వరసవాళ్ళు కూర్చున్నారు. డప్పువాళ్ళు కళ్ళు మూసుకుని వాయిస్తూనే ఉన్నారు. నోరు ముయ్యండిరా అని అరిచాను. నా అరుపు ఆ గోలలో కలిసిపోయింది. అవతలి జట్టువాళ్ళు కూడా మమ్మల్ని చీదరించుకుంటూ చూశారు.

స్ట్రెచర్ మీదికి ఎక్కించేముందు సార్ తల తిప్పి మా వైపు చూశాడు. మా వైపు కాదు. నా వైపు.

బాత్రూంలోకి పోయి వాంతి చేసుకున్నాను. బయటికొస్తే షఫీ మిగిలిన ప్యాకెట్లు లెక్క చూసుకుంటున్నాడు. ఏమైంది భాయ్, ఇయ్యాల మనోళ్ళు మస్తు ఒర్రిండ్రు గదా అన్నాడు.

ఫిబ్రవరి 22

సార్ పొర్లుతుంటే మావాళ్ళు చిందులేసిన వీడియో రాయచోటి దాకా చేరింది. మా బావమరిది నవ్వే బొమ్మలు పెట్టి నాకే ఫార్వర్డ్ చేశాడు. అందులో నన్ను గుర్తుపట్టలేదు.

ఫిబ్రవరి 26

సార్ ఆపరేషన్ అయి ఇంటికి వచ్చాడు. ఇక ఆడలేడని డాక్టర్లు చెప్పేశారట. పొడిగింపు లేదని క్లబ్ చెప్పేసింది. ఏజెంట్ ఫోన్ ఎత్తడం లేదు. సెంటు వాసన ఇంకా పోని సీట్లో వాడి పేరు తలచుకుని థూ అన్నాను.

సార్ సోఫాలో కాలు చాపుకుని అదే వీడియో చూస్తున్నాడట. కూతురు ఫోన్ చేసి, నాన్నా వాళ్ళెందుకు డాన్స్ చేస్తున్నారు అని అడిగిందట. వెంటనే ఫోన్ పెట్టేశాడని మాబున్నీసా చెప్పింది. ఆయప్ప ఏడుస్తాంటే నేను సూప్ గిన్నె పట్టుకోని నిలబడినా అన్నా, ఎట్ల పెట్టేది అంది.

మార్చి 4, మంగళవారం

చెప్పేశాను.

డాక్టర్ దగ్గర్నుంచి వస్తుంటే కారు పక్కకు ఆపి, నాకొచ్చిన ఇంగ్లీషులో మొత్తం చెప్పాను. వాళ్ళు అద్దె జనం సార్, మీరంటే వాళ్ళకు కోపం లేదు, నవ్వలేదు, తువ్వాలు చూసి లేచారంతే. కూతురికి ఆ మాట చెప్పండి అన్నాను. అరుస్తాడనుకున్నాను.

తెలుసు అన్నాడు. లేసు కట్టుకుంటుంటే అరిచినప్పుడే తెలిసిపోయిందట. చైనాలోనూ ఇలాంటి జనాన్ని చూశాడట. అయితేనేం, కూతురికి తెలియదు కదా, దానికి వినపడితే చాలనుకున్నాను అన్నాడు. తర్వాత అద్దంలో నన్ను చూస్తూ ఒక్కటే అడిగాడు. వాళ్ళు బంతి చూడరు, సరే. నువ్వు చూస్తున్నావు కదా. మరి ఎందుకు ఎత్తావు?

చేతులు తల మీదికి పోయాయి సార్ అన్నాను. ఎలా పోయాయో చేసి చూపించాను. చూశాడు. నమ్మాడో లేదో తెలియదు. గింజల పొట్లం తీసి కొరికి, పొట్టు తన అరచేతిలోనే ఉమ్ముకున్నాడు. ఇల్లు చేరేదాకా గుప్పిట్లోనే పట్టుకుని కూర్చున్నాడు.

కింద ఉమ్మేసినా బాగుండేది.

మార్చి 15

మాబున్నీసాకు అల్ రయ్యాన్‌లో ఓ ఇంట్లో పని దొరికింది. నా టికెట్ వచ్చే వారం.

ఎయిర్‌పోర్ట్‌లో సార్‌ను వీల్‌చెయిర్‌లో కూర్చోబెట్టాను. నా తువ్వాలు అడిగాడు. ఇచ్చాను. ఎయిర్‌పోర్ట్ మనిషి లోపలికి తోసుకుపోతుంటే సార్ వెనక్కి తిరిగి, ఒక చేత్తో ఫోన్ కెమెరా నా వైపు పట్టుకుని, రెండో చేత్తో తువ్వాలు ఎత్తాడు.

రామిరో! రామిరో! గొంతు చీరుకుపోయేలా అరిచాను. జనమంతా తిరిగి చూశారు. పోలీసు నా వైపు వస్తున్నాడు. అరుస్తూనే ఉన్నాను.

తువ్వాలు దించాడు.

కూర్చున్నాను, ఆ నేల మీదే.